ముందు కారణం, తర్వాత పార్టు

పాత కార్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం వేడి గురించే. ఇంజిన్ వేడెక్కుతోందని కొందరు, ఏసీ చల్లబడటం లేదని కొందరు. రోహిణి కార్తె ముందు ఇది మామూలే. కానీ చాలా ఉత్తరాల్లో ఒకే మాట కనపడి బాధేసింది: "మెకానిక్ ఒక పార్టు మార్చాడు, తగ్గలేదు, ఇంకోటి మార్చాడు, అయినా తగ్గలేదు." నెల్లూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, పాత కారు యజమాని జేబు ఖాళీ అయ్యేది ఎక్కువగా ఇట్లా గుడ్డిగా పార్టులు మార్చడం వల్లే. ఏ పార్టు మార్చాలన్నా అది పోయిందని ఎట్టా తెలిసిందో చూపించమని అడగండి. అడగడం మీ హక్కు, చూపించడం మా పని.

అన్నా, మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాను. చెన్నై నుంచి వచ్చిన 2015 మోడల్ స్విఫ్ట్ డీజిల్ చూశాను. టీఎన్ నంబరు, సింగిల్ ఓనర్, 62 వేల కిలోమీటర్లు. 3 లక్షల 60 వేలు అంటున్నాడు బ్రోకరు. ఆదివారం లోపల టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్లు తీసుకుపోతారంట. బండి మెరిసిపోతా ఉంది. తీసుకోమంటారా?

ఆదివారం సంగతి ముందు పక్కన పెట్టండి తమ్ముడూ. తొందర ఆయనకి ఉంది, మీకు లేదు.

చెన్నై బండి అనగానే నేను మొదట చూసేది ఇంజిన్ కాదు, నీళ్లు. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. మన దగ్గరా తక్కువేం కాదు, 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయింది, ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో మనమందరం చూశాం. అట్లాంటి బళ్లను కడిగి, షాంపూ పట్టించి, కొత్త సీటు కవర్లు వేసి, సెంటు కొట్టి అమ్మేస్తారు. మెరుపు చూసి మోసపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను. 2016లో మా బావమరిది కోసం ఒక కారు తెచ్చాం. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది, నేనే నడిపి చూశాను. ఆరు నెలలకు పవర్ విండోలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి, తర్వాత సెంట్రల్ లాక్, తర్వాత బ్రేకుల్లో లోపముందని చూపే ఏబీఎస్ లైటు వెలిగింది. ఒకరోజు అనుమానం వచ్చి డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగాను. రోజూ వాడేటప్పుడు బయటికి రాని ఆఖరి జానెడు ముక్క మీద అడ్డంగా గోధుమరంగు గీత, గోటితో గీకితే పొడి బురద రాలింది. బెల్టు పైన పిల్లరు దాకా వెళ్లి మళ్లీ కింద రీల్‌లోకి దిగుతుంది కదా, ఆ రీల్ ఉండేది సీటు ఎత్తులో. నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. ఆ బెల్టు కొనేముందే లాగి ఉంటే డబ్బు పోయేది కాదు.

అందుకని మీరు ముందు నాలుగు బెల్టులూ పూర్తిగా లాగి చూడండి. సీట్ల కింద పట్టాల బోల్టులకు తుప్పు ఉందా, స్టెప్నీ కింద గుంటలో ఒండ్రు మట్టి ఉందా, కాళ్ల దగ్గర కార్పెట్ లేపితే కింద స్పాంజి నుంచి ముక్కవాసన వస్తోందా, హెడ్‌లైట్ల లోపల చెమ్మ మచ్చ ఉందా చూడండి. అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ ఆపి, గంటసేపు ఎండలో పెట్టమని చెప్పి, తలుపు తెరిచిన వెంటనే తల లోపల పెట్టి పీల్చండి. ఎంత సెంటు కొట్టినా ఆ ముక్కవాసన పోదు.

ఇక 62 వేలు. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఏడాదికి ఆరు వేలు తిరగడం అసాధ్యం అనను, కానీ తక్కువ తిరిగేవాళ్లు సాధారణంగా డీజిల్ కొనరు. మీటరు తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో పావుగంట పని. తిప్పలేనివి కొన్ని ఉంటాయి. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు అరిగిపోయాయా, స్టీరింగ్ పట్టుకునే చోట నున్నగా మెరుస్తోందా, డ్రైవరు సీటు కుడి అంచు కుంగిందా చూడండి. ఇవన్నీ అరిగి ఉండి మీటరు 62 అంటే నమ్మొద్దు. అంతకంటే గట్టి సాక్ష్యం సర్వీసు రికార్డు. నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటరులో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో కంప్యూటర్లో ఉంటుంది. ఓనరు చేతే అడిగించండి. 2019లోనే 90 వేలు అని ఉంటే ఇంక మాటలు అనవసరం.

ఇంజిన్ చూడటానికి పొద్దున్నే వెళ్లండి, చెప్పకుండా వెళితే మరీ మంచిది. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారు, చల్లటి ఇంజిన్ ఎట్లా లేస్తుందో మీకు కనపడకుండా చేశారు. మర్నాడు మళ్లీ వెళ్లండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు ముందు భాగంలో గొలుసు గలగలలాడినట్టు వినపడి అది ఆగకుండా సాగుతుంటే టైమింగ్ చైను ఖర్చు దగ్గర్లో ఉంది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అయితే ఇంజెక్టర్ల లోపమో, గాలి సరిపోకపోవడమో. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి పోతుండొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి చూడండి. కొంచెం ఆవిరి రావడం మామూలే, బుస్సుబుస్సుమని ఆగకుండా కొడుతుంటే లోపల పిస్టన్ రింగులు అరిగాయి, ఆ బండి వద్దు.

కాగితాల దగ్గరే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. చెన్నై ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) నెల్లూరు పేరు మీద రావాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు లెటరు, ఫారం 35 ఉండాలి. చలాన్లు ఏమైనా ఉంటే అమ్మేవాళ్లే కట్టాలి. ఇక్కడికి తెచ్చాక ఓనరుషిప్ మార్పుకి 29, 30 ఫారాలు, కొత్త నంబరుకి ఫారం 27. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే, అది చట్టం. దానితోపాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది గానీ మాఫీ కాదు. ఆ లెక్క ఆర్‌టీఏ ఆఫీసులో ముందే కనుక్కుని బ్రోకరు చెప్పిన 3 లక్షల 60 వేలకు కలపండి, అప్పుడు తెలుస్తుంది అసలు ధర. పక్కనే మన నెల్లూరు ఏపీ 26 నంబరు బండి కొంచెం ఎక్కువ ధరకు ఉంటే చాలాసార్లు అదే చవక పడుతుంది. ఇంకొకటి, 2015 బండి రిజిస్ట్రేషన్ 2030 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి.

ఇవన్నీ చూడనిస్తే, జాకీ ఎత్తి కింద చూడనిస్తే, అన్నీ సరిపోతే టోకెన్ ఇవ్వండి. చూడనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

సార్, నేను టీచర్ని. ఒంగోలు నుంచి రోజూ చీమకుర్తి వైపు స్కూలుకి 2011 ఐ10లో వెళ్తాను. తిరిగొచ్చేటప్పుడు కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగితే వేడి ముల్లు పైకి పోతోంది. మళ్లీ స్పీడ్ అందుకుంటే దిగుతోంది. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసేశాడు, కొత్త రేడియేటర్ వేశాడు. ఇప్పుడు హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాలి, 18 వేలు అవుతుంది అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. దించమనమంటారా?

దించొద్దమ్మా. ఇప్పుడే దించొద్దు.

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఆగితే వేడి, నడిస్తే చల్లన. బండి నడుస్తున్నప్పుడు రేడియేటర్‌కి ఎదురుగాలి తగులుతుంది. ఆగినప్పుడు ఆ గాలి ఇవ్వాల్సింది ఫ్యాన్. అంటే మీ ఫ్యాన్ తిరగడం లేదు, లేదా తిరగాల్సినంత జోరుగా తిరగడం లేదు. ఇదే ముల్లు హైవే మీద 80 స్పీడ్‌లో పైకి పోయి, ఊళ్లో నెమ్మదిగా తిరిగితే బాగుండి ఉంటే రేడియేటర్ పూడికో, వాటర్ పంపో, కూలెంట్ తగ్గడమో అని అనుమానించేవాణ్ణి. మీ మెకానిక్ ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీకు రేడియేటర్ ఖర్చు తప్పేది.

మీరే చూడొచ్చు. నీడలో ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా బానెట్ తెరవండి. చీర కొంగు, చున్నీ, చెయ్యి దూరంగా ఉంచుకోండి, ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు. ఏసీ వేయండి, ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఏసీ ఆపి పదిహేను ఇరవై నిమిషాలు అట్లాగే ఉంచితే, ముల్లు మధ్యకు వచ్చి కొంచెం దాటే సమయానికి ఫ్యాన్ దానంతట అదే తిరిగి, కాసేపటికి ఆగాలి. తిరగకపోతే వరసగా ఫ్యూజు, రిలే, కనెక్టరు, మోటారు, చివరికి సెన్సరు చూడాలి. రిలే అనుమానం ఉంటే అదే బాక్సులో సరిగ్గా అదే నంబరున్న ఇంకో రిలే పెట్టి చూస్తారు, పైసా ఖర్చు లేదు. మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే తిరుగుతుందో లేదో నిమిషంలో తేలిపోతుంది. ఈ వరసలో చూడమని చెప్పండి, మీరు పక్కనే నిలబడండి.

హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందనడానికి వేరే గుర్తులున్నాయి. కింద ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటుంది. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడలాంటి తెల్లటి జిగురు కనపడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటాయి. వీటిలో ఒక్కటైనా మీకు చూపించలేనివాడు 18 వేలకు హెడ్ విప్పకూడదు.

థర్మోస్టాట్ వాల్వు మాత్రం కొత్తది తిరిగి వేయించండి. "మన ఎండకి ఇది అక్కర్లేదమ్మా" అని తీసేయడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలవాటైపోయింది. అది తప్పు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపడం దాని పని. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే ఉండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. మీ జబ్బు తగ్గలేదు, పైగా మైలేజీ పోయింది.

కొత్త రేడియేటర్‌లో ఏం పోశారో కూడా అడగండి. బోరు నీళ్లు పోసి ఉంటే వెంటనే ఖాళీ చేయించండి. వేణ్ణీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకుంటుందే, సరిగ్గా అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కడుతుంది. నేను విప్పిన ఒక రేడియేటర్‌లో సగం గొట్టాల్లోకి అగరబత్తి పుల్ల కూడా దూరలేదు. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయాలి. రెడీమేడ్‌గా కలిపి అమ్మేదైతే మళ్లీ నీళ్లు కలపొద్దు. ఉత్త నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. కూలెంట్ కలిపి, మూత బిగుతుగా ప్రెషర్ పట్టి ఉంటే అంతకంటే బాగా పైకి వెళ్లినా మరగవు. తుప్పు కూడా పట్టదు. మూత రబ్బరు గట్టిపడితే మూత మార్చండి, ఇంత చిన్న వస్తువు ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు.

మీ దారిలో గ్రానైట్ లారీల దుమ్ము కూడా లెక్కలోకి తీసుకోండి. రేడియేటర్‌కి ముందు ఉండే ఏసీ కండెన్సర్ రెక్కల మధ్య ఆ పొడి సిమెంటులా అతుక్కుపోతుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టించండి. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ కూడా మాన్యువల్‌లో రాసినదానికి సగం దూరానికే చూడాలి.

ఫ్యాన్ బాగయ్యేదాకా రోడ్డు మీద ముల్లు లేస్తే ఏసీ ఆపేసి, హీటర్ పూర్తిగా వేడికి తిప్పి, కారు లోపల గాలి కొట్టే ఫ్యాన్ జోరుగా పెట్టండి. ఉక్కపోస్తుంది, కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగుతుంది. ఎర్ర గీత దగ్గరికి వస్తే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు. మా షెడ్డులో పనిచేసే కుర్రాడు తడిగుడ్డ వేసి తీశాడు, మోచేయి దాకా తోలు ఊడింది. అరగంట ఆగడమే మార్గం.

కావలి నుంచి రాస్తున్నాను. మా వ్యాగన్‌ఆర్ ఏసీకి ప్రతి ఎండాకాలం గ్యాస్ పట్టించాల్సి వస్తోంది. మూడేళ్లుగా ఇదే వరస. పాత బండి అంటే ఇంతేనా?

ఇంతే కాదండీ. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యే వస్తువు కాదు. ఏటా అయిపోతోందంటే ఎక్కడో కారుతోంది. ఆ కన్నం వెతక్కుండా గ్యాస్ పట్టించడం ఓటికుండలో నీళ్లు పోయడమే.

ఈసారి వెళ్లినప్పుడు ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పట్టించి జాయింట్ల దగ్గర సబ్బు నురగ పెట్టి చూడమనండి. దొరక్కపోతే గ్యాస్‌తో కలిపి రంగు ఎక్కించి, కొన్ని రోజులు తిరిగాక అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు. మన కోస్తాలో మొదటి అనుమానం కండెన్సర్ మీదే, ఎదురుగా ఉప్పుగాలి, రాళ్లదెబ్బలు తినేది అదే. తర్వాత పైపుల జాయింట్లలో చిన్న రబ్బరు రింగులు, తర్వాత కంప్రెసర్ సీలు. డ్యాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్ చిట్టచివర. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి కాబట్టి మిగతావి చూడకుండా నేరుగా అక్కడికి పోయేవాణ్ణి ఆపండి.

కన్నం మూశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి, లేకపోతే లోపల గాలి, చెమ్మ మిగిలిపోతాయి. గ్యాస్ ఎన్ని గ్రాములో చాలా కార్లకు బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది, తూకం చూసి ఎక్కించమనండి. ఎక్కువ ఎక్కించినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఇదంతా మొదలుపెట్టే ముందు మీరే ఒకపని చేయండి: మీ మోడల్‌కి క్యాబిన్ ఫిల్టర్ ఉంటే అది గ్లవ్‌బాక్సు వెనక ఉంటుంది, తీసి చూడండి. కొన్నిసార్లు దుమ్ము పట్టి అట్టలా ఉంటుంది, గాలే రాదు.

నేను ఆత్మకూరు వైపు రైతుని, వయసు 61. నా ఆల్టోని 2022లో మా ఊరాయనకు అమ్మాను. ఆర్‌సీ, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతికిచ్చాను. ఆయన ఇంకెవరికో అమ్మాడంట. ఇప్పుడు నా ఫోనుకి విజయవాడ చలాన్లు వస్తున్నాయి. అడిగితే ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

చలాన్ల కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, అందుకే దీన్ని వాయిదా వేయొద్దు పెద్దాయనా. ఆర్‌సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో ఓనరు మీరే. చేతులు ఎన్ని మారినా రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ బండికి ఇన్సూరెన్స్ లేకుండా ఎవరికైనా తగిలితే నష్టపరిహారం నోటీసు మీ ఇంటికి వస్తుంది.

ముందు వాహన్ సైట్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో మీ నంబరు కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి, మనవళ్లెవరైనా ఉంటే చూపిస్తారు. చలాన్లలో ఫొటో, స్థలం, టైము ఉంటాయి, అవన్నీ ప్రింటు తీయించండి. ఒకేచోట రెండు మూడు పడి ఉంటే బండి ఎక్కడ తిరుగుతోందో అర్థమవుతుంది. అమ్మిన కాగితం నకలు, డబ్బు తీసుకున్న రుజువు, ఈ ప్రింట్లు జతచేసి ఆర్‌టీఏ ఆఫీసుకి, మీ పోలీసు స్టేషనుకి అర్జీ ఇవ్వండి. రెండుచోట్లా నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మీ ఊరాయనకి లాయరు ద్వారా నోటీసు పంపండి. ఫోన్ ఎత్తనివాళ్లు నోటీసుకి పలుకుతారు, నేను చాలాసార్లు చూశాను. ఫాస్టాగ్ మీ బ్యాంకుకి కట్టి ఉంటే ఈరోజే మూయించండి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లకు: సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఎవరికీ ఇవ్వకండి, అన్నదమ్ములైనా సరే. రాష్ట్రంలోపల అమ్మితే పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిది, ముప్పై రోజుల్లో మార్పించుకోవాల్సింది కొన్నవాడిది. బండి ఇచ్చేరోజు తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసిన డెలివరీ కాగితం మీద కొన్నవాళ్ల సంతకం తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా కొంత డబ్బు నిలిపి ఉంచండి. మొహమాటపడాల్సిన పని లేదు.

మా ఇల్లు కొత్తపట్నం సముద్రానికి దగ్గర. ఏడేళ్ల కారుకి తలుపుల కింద అంచు పెయింటు ఉబ్బుతోంది. అండర్ కోటింగ్ కొట్టిస్తే ఆగుతుందా?

పెయింటు ఉబ్బిందంటే తుప్పు బయట మొదలవలేదు, లోపల్నుంచి వస్తోంది. తలుపు కింద అంచున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అద్దం మీద నుంచి దిగిన వాన నీళ్లు పోవడానికి. ఇసుక, ఆకులు అడ్డుపడితే నీళ్లు అక్కడే నిలబడతాయి. అగ్గిపుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయండి, ఈరోజు చేయగలిగిన పని అది. ఉబ్బినచోట గీకి, తుప్పు పూర్తిగా తీసి, ప్రైమరు కొట్టి, తర్వాత పెయింటు వేయించాలి. తుప్పు మీదే అండర్ కోటింగ్ కొట్టిస్తే తుప్పుని కప్పిపెట్టినట్టే, లోపల అది తినుకుంటూ పోతుంది. వారానికోసారి కిందిభాగం మంచినీళ్లతో కడగండి, మీ ఊరి బోరు ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో కడిగి ఉపయోగం లేదు. తడి బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పకండి. చెరువు గట్ల మీద తిరిగే ఇందుకూరుపేట తమ్ముడికీ ఇదే జవాబు.

దర్శి నుంచి. నా కారు టైర్ల గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి, కానీ టైరు షాపతను మార్చమంటున్నాడు. మార్చాలా?

గీతలు కాదు, పుట్టిన తేదీ చూడండి. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరుస చివర్లో నాలుగు అంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం. ఆరేళ్లు దాటితే తక్కువ తిరిగినా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద అది పేలొచ్చు. షాపతను చెప్పింది నిజమే కావొచ్చు. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

చీమకుర్తి నుంచి. నా 2013 పెట్రోలు కారుకి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోస్తే ఇంజిన్ పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమా?

ఒక్కసారిగా ఇంజిన్ పోదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అది ఖాయం. మీ బండి కాలంనాటి రబ్బరు పైపులు, సీళ్లు దీనికోసం చేసినవి కావు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లలో వాటిని ఈ20కి తగ్గట్టు మార్చారు. అందుకని సర్వీసు చేయించిన ప్రతిసారీ పెట్రోలు పైపులు వేలితో నొక్కి చూడమనండి, మెత్తబడినా, పగిలినా, పెట్రోలు వాసన వచ్చినా మార్చేయండి. ఇథనాల్ చెమ్మని లాగుతుంది కాబట్టి బండిని సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టొద్దు.

కోవూరు నుంచి. వరికోతలయ్యాక ఎలుకలు కారులో దూరి రెండుసార్లు వైర్లు కొరికేశాయి. ఒంగోలు పొగాకు పెడితే రావంటున్నారు, పెట్టొచ్చా?

పొగాకు ఘాటు కొంతవరకు పనిచేస్తుంది, కానీ ఇంజిన్ వేడికి రెండు మూడు వారాల్లో వాసన పోతుంది, మళ్లీ మార్చాలి. ఆకుల్ని విడిగా పెట్టకండి. ఎండిన ఆకు సైలెన్సర్ పైపు మీద పడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. గుడ్డలో మూటకట్టి, బ్యాటరీ వైపు, వేడి తగలనిచోట గట్టిగా కట్టండి. కారులోపల పిల్లలు తిన్న బిస్కెట్ పొడి కూడా లేకుండా చూసుకోండి, గాలి లోపలికి పోయే దారికి సన్నటి స్టీలు జల్లెడ వేయించండి. గడ్డివాము పక్కన నిలబెడుతుంటే చోటు మార్చండి.

కొరికిన వైర్లను మెలేసి టేపు చుట్టి వదిలేశాడేమో చూడండి. టేపు ఎండకు ఊడి రెండు వైర్లు తగిలితే మంటలొస్తాయి. సోల్డరు చేసి పైన స్లీవ్ ఎక్కించమనండి. ఇక ఎలుకల బెడద తగ్గేదాకా పొద్దున ఒకసారి బానెట్ ఎత్తి చూశాకే తాళం తిప్పండి.